పట్టుబడి గట్టు మీద ప్రొప్రైటర్

కోర్టు మనిషి మా ఇంటికి వచ్చిన పూట నేను వరండాలో వడియాలు ఎండబెడుతున్నాను. వట్లూరులో మా ఇల్లు మెయిన్ రోడ్డుకి కొంచెం లోపలికి ఉంటుంది. దారి అడుగుతూ వచ్చాడేమో, ఆయన వెనక ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కూడా వచ్చారు. గేటు దగ్గర నిలబడి, కాగితంలోంచి నా పేరును ఇంటిపేరుతో సహా గట్టిగా చదివాడు. మావారు లోపల్నుంచి కంగారుగా వచ్చి చెయ్యి చాపారు.

"నాకివ్వండి. నేను ఆవిడ భర్తనండి."

"కుదరదండి. ప్రొప్రైటర్ గారు ఆవిడండి. ఆవిడే సంతకం పెట్టాలండి," అన్నాడాయన ఎంతో మర్యాదగా.

ప్రొప్రైటర్ గారంటే నేనే. చేతికంటిన పిండి చీరకొంగుకి తుడుచుకుని సంతకం పెట్టాను. తాడేపల్లిగూడెంలో తవుడు మిల్లు ఉన్న పెద్దాయన నా మీద దావా వేశాడు. మా షాపుకి ఏళ్ళ తరబడి తవుడు అరువిచ్చి, బాకీ పెరిగాక ప్రామిసరీ నోటు రాయించుకుని, మావారు చెప్పే వాయిదాలు విని విని విసిగిపోయి కోర్టుకెళ్ళాడు. అప్పటికి మా షాపు షట్టర్ సగమే ఎత్తుతున్నాం. పూర్తిగా ఎత్తితే అప్పులవాళ్ళు లోపలికి వస్తారని మావారి భయం. పూర్తిగా దించితే ఊరంతా ఏమనుకుంటుందోనని బెంగ.

మాది చేపల మేత షాపు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు పక్కన, కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులకి తవుడు, వేరుశనగ చెక్క అమ్ముతాం. నేను కాపరానికి వచ్చిన ఏడాదే పెట్టారు. కొత్త కోడలి పేరు మీద పెడితే బాగా కలిసొస్తుందని సిద్ధాంతిగారు చెప్పారట. మా అత్తగారికి ఆ మాట తలకెక్కింది. లైసెన్సు, బ్యాంకు ఖాతా, చివరికి ఆ తరవాత కట్టుకున్న ఇల్లు, అన్నీ నా పేరు మీదే పెట్టించారు. బోర్డు మీద లక్ష్మీదేవి, ఆవిడ పాదాల కింద నేను. ఇంతా చేసి నాకున్న పని ఒక్కటే. మావారు పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చెయ్యడం. పోపు మాడిపోతుందని ఒక కన్ను పొయ్యి మీద వేసి ఎన్ని కాగితాల మీద సంతకాలు చేశానో నాకే తెలియదు. ఒకసారి చెక్కు మీద పసుపు వేలిముద్ర పడితే బ్యాంకువాళ్ళు వెనక్కి పంపారు.

నేను బీకాం చదివాను. తాడేపల్లిగూడెం మార్కెట్లో మా నాన్నది కిరాణా హోల్‌సేలు. గల్లాపెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగిన పిల్లని. అత్తవారింట్లో ఆ సంగతి ఎవరికీ అక్కరకు రాలేదు. వాళ్ళకి నా పేరుతోనే పని.

ఇక్కడ మా ఇంటి విచిత్రం ఒకటి చెప్పాలి. మేం చేప తినం, ముట్టం. చేపల వాసన తగిలిన గాలి కూడా ఇంట్లోకి రానివ్వం. వ్యాపారం మాత్రం చేపలకి మేత వెయ్యడం. తవుడు తవుడే కాబట్టి దానికి నీచు లేదని మా అత్తగారి సిద్ధాంతం. చెరువు గట్టు మీద మాత్రం నీచు ఉంటుంది కాబట్టి మా ఇంటి మగవాళ్ళు ఎవరూ గట్టు ఎక్కకూడదు. ఎప్పుడైనా ఎక్కవలసి వస్తే పెరటి వైపు నుంచి వచ్చి, నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి. ఆవిడ పోయాక కూడా మావారు ఆ నియమం తప్పలేదు. అసలే ఆయన నోట్లో నాలుక లేని మనిషి.

మా కొంప ముంచింది ఆ నియమమే. కొల్లేరు వైపు చెరువుల రైతులు మేత డబ్బు నెలనెలా ఇవ్వరు. చేపలు పట్టి లారీకెక్కించే రోజున ఇస్తారు. ఆ రోజుని పట్టుబడి అంటారు. చేపల్ని తూచే కాటా పక్కన ఎవరు నిలబడి ఉంటే వాళ్ళకి ముందు డబ్బు. వల లాగినవాళ్ళు, ఐసు తెచ్చినవాళ్ళు, మేత ఇచ్చినవాళ్ళు అంతా అక్కడే చుట్టూ ఉంటారు. అక్కడ లేనివాళ్ళకి మళ్ళీ పంటలోనే. తెల్లారేసరికి ఏలూరు, కైకలూరు మేత షాపులవాళ్ళందరూ గట్టు మీద ఉండేవారు, మేం తప్ప. మావారు ఇంట్లో కూర్చుని ఫోను చేసేవారు. డబ్బు మాట ఎత్తడానికి మొహమాటం. "అంతా కులాసానా అండీ" అని అడిగి, వాళ్ళు కులాసాగానే ఉన్నామంటే సంతోషించి పెట్టేసేవారు. ఇలా కొన్నేళ్ళు గడిచాక ఒక వర్షాకాలం గట్లు తెగి కొన్ని చెరువుల చేప కొల్లేట్లో కలిసిపోయింది. అంతకుముందు ఇవ్వగలిగినవాళ్ళు కూడా ఆ వంకతో ముఖం చాటేశారు. మిల్లు బాకీ, బ్యాంకు బాకీ కలిసి మా నెత్తి మీద కూర్చున్నాయి.

నోటీసు వచ్చాక ఆ ఆదివారం మా బావగారు వచ్చారు. మావారికి అన్నగారు, ఏలూరులోనే బట్టల షాపు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఉపాయం చెప్పారు. ముందు ఇల్లు ఆయన పేరు మీద రాసెయ్యాలి. ఆ పైన నా చేత ఐపీ పెట్టించాలి. ఐపీ అంటే దివాలా పిటిషను. నా దగ్గర ఏమీ లేదు, అప్పులు తీర్చలేను అని కోర్టులో ఒప్పుకోవడం. మా వ్యాపారస్తుల్లో ఆ రెండక్షరాలు ఒకసారి పేరుకి అంటుకుంటే పోవు. వీధిలో వెళ్తుంటే వెనకనుంచి వేళ్ళు చూపిస్తారు. మళ్ళీ జన్మలో ఎవరూ బస్తా సరుకు అరువివ్వరు. మా బావగారు చెడ్డమనిషి కాదు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే.

"ఇంకేం ఆలోచించకమ్మా. నువ్వొక్క సంతకం పెడితే అంతా సర్దుకుంటుంది," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లాభాలొచ్చినన్నాళ్ళూ షాపు వాళ్ళది. దివాలా తియ్యడానికి మాత్రం నేను కావాలి.

"బావగారండీ, ఐపీ పెట్టేది ఎవరండీ?"

"నువ్వేనమ్మా. పేరు నీదే కదా మరి."

"పేరు నాదైతే నన్నడగాలి కదండీ. నేను పెట్టనండి."

మావారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ ముఖంలో భయం ఉంది, అంతకన్నా ఎక్కువగా ఊరట ఉంది.

మర్నాడు ఇద్దరం కలిసి ఏలూరు కోర్టుకి దగ్గర్లో ఉండే ఒక లాయరుగారి దగ్గరికి వెళ్ళాం. నా ఈడు మనిషి, మాట కరుకు. కాగితాలన్నీ చదివి కళ్ళజోడు తీసింది.

"షాపు వేరు, మీరు వేరు అని కోర్టు చూడదండి. కంపెనీ అయితే ఆ లెక్క వేరు. ఇది ప్రొప్రైటర్ షాపు కాబట్టి షాపు అప్పంటే మీ అప్పే. మీ ఇల్లు, మీ బంగారం, మీ నాన్నగారు పెంటపాడులో ఇచ్చిన ఎకరం, అన్నీ దాని కిందకే వస్తాయండి."

"మరి మావారో అండీ?"

"ఆయన నోటు మీద గానీ, బ్యాంకు కాగితాల మీద గానీ సంతకం పెట్టేరా?"

"లేదండి. గుర్తులు పెట్టేరంతేనండి," అన్నాను.

లాయరుగారికి నవ్వొచ్చింది. మావారికి రాలేదు. బావగారి ఉపాయం గురించి అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. దావా పడ్డాక ఇల్లు ఇంకొకరికి రాసి ఐపీ పెడితే, అప్పు ఎగ్గొట్టడానికే రాశారని కోర్టు ఆ రాతకోతల్ని కొట్టేస్తుందట. ఇల్లు ఎలాగూ దక్కదు, మోసం చేసిందన్న మాట మాత్రం నాకు మిగులుతుందట. ఆ తరవాత ఆవిడ ఇంకో ప్రశ్న అడిగింది.

"మీకు చెరువుల మీద రావాల్సింది ఎంతుందండి?"

మావారు చెప్పారు. మా బాకీల కన్నా కాస్త ఎక్కువే ఉంది.

"అది ఎవరి పేరున ఉందండి?"

"బిల్లులన్నీ నా పేరునేనండి," అన్నాను.

"అయితే వసూలు చేసుకునే హక్కు కూడా మీదే కదండీ. అప్పు ఒక్కటే మీదనుకుంటున్నారేంటి?"

అన్నేళ్ళు గల్లాపెట్టె పక్కన పెరిగి, బీకాం చదివి, ఆ మాట ఇంకొకరు చెబితే గాని నాకు తట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మావారితో చెప్పాను. "ఏవండీ, రేపట్నుంచి గల్లాలో నేను కూర్చుంటాను. మీరు లోడులు చూసుకోండి. పెన్సిలు ఇంక పిల్లదానికిచ్చెయ్యండి." మా అమ్మాయి అప్పుడు వట్లూరులోనే ఇంజనీరింగు చదువుతోంది. ఆయన సరేనన్నారు. ఆ తరవాతి రోజు షాపుకి వెళ్ళి షట్టర్ పైదాకా ఎత్తించాను.

అప్పులవాళ్ళు వస్తారని భయపడే బదులు మనమే వెళ్ళడం మంచిదని బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. మిల్లు పెద్దాయన తెల్ల లుంగీ, బనీను మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు మా నాన్న షాపుకి వచ్చేవాడు కాబట్టి బాబాయిగారనే అలవాటు. ఆ రోజు ఆయన నన్ను కూర్చోమనలేదు.

"మీవారు వస్తానని చెప్పి రారు. మీరు చెప్పకుండా వచ్చేరు. ఏంటమ్మా?"

"బాకీ ఉన్నది నేనండి బాబాయిగారండీ, ఆయన కాదు. అందుకే నేనొచ్చానండి. ఐపీ పెట్టనండి. ఈ పట్టుబళ్ళు అయ్యేలోపు వాయిదాల మీద మొత్తం ఇస్తానండి. కోర్టులోనే రాసుకుందామండి."

"చెరువులవాళ్ళు ఆడపిల్లకి డబ్బిస్తారా?"

"ఆ తిప్పలు నావండి. మీవి కావు కదండీ."

ఐపీ పెట్టనన్న మాట ఆయనకి నచ్చినట్టుంది. లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవడానికి ఒప్పుకున్నాడు. షరతు కూడా పెట్టాడు. ఒక్క వాయిదా తప్పినా మా ఇల్లు వేలానికి పెట్టిస్తాడు. నేను ఆ కాగితం మీద ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టాను. నా జీవితంలో చదివి పెట్టిన మొదటి సంతకం అదేనేమో. బ్యాంకు వాయిదాలు నిలబెట్టడానికి కారు అమ్మేశాం, నా గాజులు కూడా. గాజుల మీద కన్నా కారు మీదే మావారికి ఎక్కువ దిగులు.

ఇక మిగిలింది గట్టు. మాకు అందరికన్నా ఎక్కువ బాకీ ఉన్నది కైకలూరు దాటాక పెద్ద చెరువు ఉన్న ఒక రైతు. ఎప్పుడు అడిగినా "ఇంకా చేప ఎదగలేదండి, పై నెల చూద్దామండి" అనేవాడు. నేను అతన్ని అడగడం మానేసి ఐసు ఫ్యాక్టరీవాళ్ళతో స్నేహం చేశాను. పట్టుబడి ఎంత గుట్టుగా పెట్టుకున్నా ముందురోజు ఐసు చెప్పుకోక తప్పదు. ఐసు లేకపోతే ఆ చేప రాష్ట్రం దాటదు. వాళ్ళ దగ్గర్నుంచి కబురు రాగానే తెల్లవారుజామున పులిహోర కలిపి క్యారియర్లో సర్దాను. ఆటో మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి అప్పుడే వెలుగొస్తోంది. వలవాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి చేపల్ని ఒక మూలకి తోస్తున్నారు. గట్టు మీద లారీ, ఐసు ముక్కల గుట్టలు, ప్లాస్టిక్ ట్రేలు, కాటా. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. మావారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆటోలోనే కూర్చుండిపోయారు. నేను చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ జారుడు మట్టిలో నడిచి కాటా పక్కకెళ్ళి నిలబడ్డాను. గట్టు మీద ఆడవాళ్ళు లేకపోలేదు. చేపలు ఏరే కూలివాళ్ళు చాలామందే ఉన్నారు. డబ్బు అడగడానికి వచ్చినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. తక్కిన మేత షాపులవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

రైతు నన్ను చూసి గతుక్కుమన్నాడు. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు.

"అయ్యయ్యో, మీరెందుకొచ్చేరు చెల్లెమ్మ గారూ, ఈ నీచులోకి. ఆయన్ని పంపకపోయారా అండీ. ఆయనతో మాట్లాడుకుంటాను లెండి."

"ఆయన పేరు మీద మీరు మేత తేలేదండి అన్నయ్యగారూ. నా పేరు మీద తెచ్చుకున్నారు. నాతోనే మాట్లాడండి."

"అదికాదండి, ఈసారి రేటు కూడా లేదండి."

"రేటు లేకపోతే నాలుగు రోజులు ఆగి పట్టుకుందురుగాని. లారీ పంపించెయ్యండి. నేనూ వెళ్ళిపోతానండి."

పక్కనున్న మేత షాపతను ఫక్కున నవ్వాడు. లారీ నిండుతుంటే పంపించెయ్యమంటే ఎవరు పంపిస్తారు? రైతు మొదటి లారీ అయ్యాక సగం ఇచ్చాడు. మిగతాది ఫోనులో వేస్తానన్నాడు. పర్వాలేదండి, రెండో లారీ దాకా ఉంటాను అని గొడుగు వేసుకుని అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఎండెక్కింది. క్యారియరు తెప్పించి, చేపలు ఏరే ఆడవాళ్ళకి కూడా పెట్టి, పులిహోర తిన్నాను. ఆ వాసనలో అన్నం దిగుతుందని మా అత్తగారు బతికుంటే నమ్మేది కాదు. రెండో లారీ తాడు బిగించేసరికి రైతు వచ్చి మిగతా సగం నా చేతిలో పెట్టాడు.

"మీరు గట్టివారేనండి," అన్నాడు.

"మీ చేప కూడా గట్టిగానే ఉందండి. మా మేత మహిమ," అన్నాను. అతను కూడా నవ్వేశాడు.

ఆటో దగ్గరికి వచ్చేసరికి మావారి ముక్కు మీద జేబురుమాలు లేదు. డబ్బు సంచి అందుకుని నన్నే చూస్తున్నారు. ఇంటికొచ్చాక అలవాటు చొప్పున పెరటి వైపు తిరిగారు. నేను మాత్రం మట్టి కాళ్ళతో, చేపల వాసనతో, ముందు గుమ్మంలోంచి దర్జాగా లోపలికి నడిచాను. స్నానం తరవాత చేశాను. నా సంతోషం చెప్పలేను. ఆ వాసన జుట్టులోంచి పోవడానికి రెండు తలంట్లు పట్టింది, అయినా సరే.

ఆ పట్టుబళ్ళ కాలమంతా అలాగే గడిచింది. కబురు వచ్చిన ప్రతి చెరువుకీ వెళ్ళాను. కొందరు ఇచ్చారు, కొందరు సణిగి ఇచ్చారు, ఒకతను నన్ను దూరంనుంచే చూసి పంపు షెడ్డులోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అతని భార్య వచ్చి ఇచ్చింది. గట్టు తెగి నిజంగా చేప పోగొట్టుకున్న ఒకతని దగ్గర మాత్రం అడగలేకపోయాను. చెరువు ఖాళీగా ఉంది. నిజం చెప్పినందుకు నాకు గడువు దొరికింది కదా, అతనికి నేనూ ఇచ్చాను. అతని బాకీ ఇప్పటికీ పూర్తిగా రాలేదు, వస్తుందని నా నమ్మకం. కొన్నాళ్ళకి మావారు కూడా గట్టెక్కడం మొదలుపెట్టారు. కాటా లెక్క నాకన్నా వేగంగా చేస్తారాయన, ఆ మాట ఒప్పుకోవాలి. మా బావగారు తన బట్టల షాపులో కూర్చుని, "మా మరదలు గట్టెక్కిందంటే డబ్బు తియ్యకుండా దిగదండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఐపీ ఉపాయం ఎవరిదో ఆయనకి గుర్తున్నట్టు లేదు.

మిల్లు వాయిదాలు ఒక్కటి కూడా తప్పలేదు. ఆఖరి వాయిదా కట్టడానికి ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఈసారి పెద్దాయన లేచి కుర్చీ వేయించాడు. డబ్బు లెక్క చూసుకుని, మొత్తం ముట్టిందని రాసిచ్చాడు. బాకీ తీరిపోయినట్టు కోర్టులో తనే చెప్పిస్తానన్నాడు. నేను కాగితం చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుని, దండం పెట్టి లేచాను.

"ఎక్కడికమ్మా? సరుకు వద్దా?" అన్నాడు.

"ఈ రోజు చేతిలో డబ్బు లేదండి బాబాయిగారండీ. మొత్తం మీకే ఇచ్చేసాను కదండీ."

"డబ్బు నేనడిగేనా? పట్టుబడికి ఇద్దురుగాని."

"నోటు రాయమంటారా అండీ?" అన్నాను.

"నోటెందుకమ్మా. మీరు ఇస్తానంటే ఇస్తారు," అని గుమస్తాని కేకేశాడు.

నా మీద దావా వేసిన మనిషి, ఇల్లు వేలం వేయిస్తానన్న మనిషి, ఒట్టి నోటిమాట మీద నాకు సరుకిస్తానంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. మావారు దగ్గరగా వచ్చి, ఎందుకైనా మంచిది, కొద్దిగా తీసుకుందామా అని చెవిలో నసిగారు. నేను కళ్ళు తుడుచుకున్నాను.

"లారీ నిండా వేయించండి బాబాయిగారండీ," అన్నాను.